పిల్లాణ్ని క్రికెట్ టూర్ టీమ్‌కి పంపిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి కనుక్కోండి

అకాడమీలో చేర్పించి ఏడాది తిరిగేలోపే ఏదో ఒక సాయంత్రం కోచ్ గారు మిమ్మల్ని పక్కకి పిలుస్తారు. "బాబు బాగా ఆడుతున్నాడు మేడం, వచ్చే నెల విజయవాడలో టోర్నమెంట్ ఉంది, టీమ్‌లో పేరు రాస్తున్నాను, పంపిస్తారా?" అంటారు. ఆ మాటకి కడుపు నిండిపోతుంది. నేనైతే ఇంటికి వెళ్లేదాకా ఆగలేక మా విశాఖలో కంచరపాలెం మెట్టు దగ్గరే బండి ఆపి మా ఆయనకి ఫోన్ చేశాను. సంతోషపడండి, కానీ డబ్బు మాత్రం ఆ రోజే కట్టకండి.

అది ఎవరు నడిపే టోర్నమెంటో ముందు తెలుసుకోండి. జిల్లా క్రికెట్ సంఘం ట్రయల్స్ పెట్టి జట్టుని ఎంపిక చేస్తే అది ఒక దారి: జిల్లా తరఫున ఆడి బాగా రాణిస్తే ఆంధ్రా జట్టు, అండర్-16 అయితే రాష్ట్ర జట్లు ఆడుకునే విజయ్ మర్చంట్ ట్రోఫీ దాకా వెళ్లొచ్చు. స్కూల్ గేమ్స్ ఇంకో దారి, అది బడి నుంచి మొదలవుతుంది. ఇక అకాడమీలు చేరి పెట్టుకునే ప్రైవేటు టోర్నమెంట్లు వేరే, వాటికి ఎంట్రీ ఫీజు, రైలు టికెట్లు, లాడ్జి, తిండి అన్నీ మనమే పెట్టుకోవాలి. వాటిని నేను తప్పు పట్టను. నెట్స్‌లో నూరు బంతులు ఆడినా రాని అనుభవం ఒక్క మ్యాచ్‌లో వస్తుంది. కానీ "ఇందులో ఆడితే స్టేట్ సెలెక్షన్ గ్యారంటీ" అని ఎవరైనా అంటే ఇంటికి వచ్చేయండి. సర్టిఫికెట్ మీద నేషనల్ అని అచ్చు వేసినంత మాత్రాన పిల్లాడు రాష్ట్ర జట్టులోకి వెళ్లడు.

తర్వాత అడగాల్సింది, మొహమాటపడకుండా అడగాల్సింది, ఎంతమందిని తీసుకెళ్తున్నారని. మేం మొదటిసారి అడగలేదు. పద్దెనిమిది మంది పిల్లలు వెళ్లారు, అందరి దగ్గరా ఒకే ఫీజు తీసుకున్నారు, మూడు మ్యాచ్‌లు జరిగాయి, మావాడు మూడు రోజులూ తెల్ల బట్టలు వేసుకుని బౌండరీ అవతల నీళ్ల సీసాలు అందిస్తూ కూర్చున్నాడు. తిరిగొచ్చాక బ్యాగులోంచి ప్యాంటు తీశాను. మోకాళ్ల దగ్గర ఒక్క మట్టి మరక లేదు, ఇస్త్రీ మడత కూడా పోలేదు. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయాను. అందుకే చెప్తున్నాను: మొత్తం ఎన్ని మ్యాచ్‌లు, ఒకటి ఓడితే ఇంటికేనా లేక లీగ్ పద్ధతా, మావాడు కనీసం ఎన్ని ఆడతాడు, బ్యాటింగ్‌లో ఎన్నో నంబర్, బౌలింగ్ ఇస్తారా, ఇవన్నీ అడగండి. మంచి కోచ్ వీటికి నొచ్చుకోరు. "ఈసారి మీవాడు రిజర్వ్ అండీ, ఒక మ్యాచ్ మాత్రం ఆడిస్తాను" అని ముందే చెప్పే కోచ్ దొరికితే ఆయన్ని వదులుకోకండి.

పేపర్ల విషయంలో బద్ధకం వద్దు. మున్సిపాలిటీ ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ స్టడీ సర్టిఫికెట్, మూడింట్లో పేరూ తేదీ అక్షరం తేడా లేకుండా ఉండాలి. క్రికెట్ బోర్డు (బీసీసీఐ) వయసు లెక్కకి సెప్టెంబర్ 1 ని ప్రమాణంగా తీసుకుంటుంది. అండర్-16 అబ్బాయిలకి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు కూడా చూస్తారు. వయసు తగ్గించి రాయిద్దాం అని సలహా ఇచ్చేవాళ్లు గ్రౌండ్‌లో తప్పకుండా తగులుతారు, వినకండి. దొరికితే నిషేధం పడేది మన పిల్లాడి మీద.

కిట్ దగ్గర ఎక్కువ డబ్బు తగలేసేది బ్యాట్ మీద. పదకొండేళ్ల పిల్లాడికి ఖరీదైన ఇంగ్లిష్ విల్లో చెక్క బ్యాట్ అక్కర్లేదు, ఏడాదిలో పొడుగు పెరిగితే అది చిన్నదైపోతుంది. మంచి కాశ్మీర్ విల్లో చాలు. వచ్చే ఏడాదికి పనికొస్తుందని పెద్ద సైజు మాత్రం కొనొద్దు. బరువైన బ్యాట్ పట్టుకున్న పిల్లాడు కింది చేత్తో లాగి కొట్టడం అలవాటు చేసుకుంటాడు, ఆ అలవాటు మాన్పించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. షాపులో పై చేతి ఒక్కదానితో బ్యాట్ ముందుకి చాపి కాసేపు పట్టుకోమనండి, చెయ్యి వణికితే ఇంకొకటి అడగండి. కొన్నాక నూనె రాసి, చెక్క సుత్తితో రోజూ కాసేపు మెల్లగా తట్టాలి, దాన్నే నాకింగ్ అంటారు, అది అయ్యాకే లెదర్ బాల్. మిగతావి పాతవైనా ఫరవాలేదు కానీ హెల్మెట్, పొత్తికడుపు కింద పెట్టుకునే గార్డ్ మాత్రం కొత్తవి, సరిగ్గా సరిపోయేవి కొనండి. ఏ బంతితో ఆడిస్తారో కూడా అడగండి. అండర్-13 బంతి 133 నుంచి 144 గ్రాములు ఉంటుంది, పెద్దవాళ్లది 156 నుంచి 163 దాకా. మ్యాట్ పరిచిన పిచ్ అయితే అడుగున మేకులుండే స్పైక్స్ బూట్లు పనికిరావు, రబ్బరు అడుగున్న బూట్లు పెట్టాలి.

ప్రయాణం సంగతి. ఏ మ్యాచ్ ఎప్పుడో చెప్పే ఫిక్స్చర్ వారం పది రోజుల ముందు గానీ రాదు, రైల్లో రిజర్వేషనేమో 60 రోజుల ముందే తెరుస్తారు, కాబట్టి వెయిటింగ్ లిస్టుతో టెన్షన్ పడటం ఖాయం. అయిదు దాటి పన్నెండు లోపు పిల్లలకి బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి, అరటికెట్టు లెక్కలు వేసుకోకండి. పిల్లలతో ఎవరు వెళ్తున్నారు, రాత్రి గదిలో ఎవరు పడుకుంటారు, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఇవి కనుక్కోండి. మొదటి ఒకటి రెండు టూర్లకి ఇంట్లో ఒకరు వెంట వెళ్తే మంచిది. మ్యాచ్ రోజు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, బ్యాగులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అంతకుమించి ప్రయోగాలు వద్దు.

మీవాడు ఫాస్ట్ బౌలర్ అయితే ఒక మాట. ఒకే వారంలో స్కూల్ టీమ్, అకాడమీ, టోర్నమెంట్ మూడింట్లోనూ వేయిస్తారు, ఒకరు వేయించిన ఓవర్లు ఇంకొకరికి తెలియవు. ఆ లెక్క పెట్టుకోవాల్సింది మనమే. ఎదిగే వయసులో నడుము దగ్గర వెన్నెముకకి చీలిక వస్తే నెలల తరబడి ఆట ఆగిపోతుంది. నడుం నొప్పి అన్నాడంటే స్ప్రే కొట్టి పంపకండి, డాక్టర్‌కి చూపించండి.

గ్రౌండ్‌లో మన ఊరి తల్లిదండ్రులందరూ చెప్పుకునేది ఇండియా జట్టుకి ఆడిన మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి గురించే. వాళ్ల నాన్నగారు కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్నారు, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఆ అబ్బాయి సెంచరీ కొడుతుంటే స్టాండ్‌లో కన్నీళ్లు పెట్టుకున్నారు. నేనూ టీవీ ముందు ఏడ్చాను. కానీ ఆయన కథ చెప్పి ఇంకో ఇంటి ఉద్యోగం, చీటీ పాట డబ్బు, బంగారం కదిలించకూడదని గట్టిగా నమ్ముతాను. ఏడాదికి ఎంత పెట్టగలరో ఇంట్లో కూర్చుని ముందే అనుకోండి. చెల్లి ఫీజు, అమ్మమ్మ మందులు పోగా మిగిలిందే టూర్ డబ్బు. మేం ఏడాదికి రెండు టూర్లకి ఒప్పుకున్నాం, మార్చి పరీక్షల నెలలో ఏదీ లేదు. మావాడికి ఆ లెక్క తెలుసు, మూడోది అడగడు.

డక్ అవుటై వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట్లో ప్యాడ్లు విప్పకముందే "ఆ బంతి ఎందుకు ఆడావురా" అనేదాన్ని. ఒకసారి వాడు గ్లవ్స్ తీయకుండానే తల దించుకుని "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. అప్పట్నుంచీ తినిపించడమే నా పని, ఆట గురించి వాడు ఎత్తితేనే మాట్లాడతాను. తప్పేంటో చెప్పడానికి కోచ్ ఉన్నారు. బౌండరీ దగ్గర నిలబడి అంపైర్‌ని అరిచే నాన్నల పిల్లలు గ్రౌండ్ మధ్యలో ఎంత సిగ్గుపడతారో దగ్గర్నుంచి చూశాను.

ఇంటికి రాగానే ఎంత అలిసిపోయినా కిట్ బ్యాగ్ జిప్ తెరిచి గ్లవ్స్, థై ప్యాడ్, హెల్మెట్ లోపలి మెత్త తీసి ఫ్యాన్ కింద ఆరబెట్టండి. మన సముద్రపు గాలికి రెండు రోజులు మూసి ఉంచితే బూజు పడుతుంది. ఆ పని వాడి చేతే చేయించండి, మీరు చేయకండి.