మోటారు తిరగట్లేదా? ముందు గ్రౌండ్ చూడండి

ఆర్డుయినో ఊనోకి (మనం రాసిన కోడ్‌తో నడిచే చిన్న బోర్డు) ఎల్298ఎన్ డ్రైవర్ (మోటారుకు కరెంటు అందించే బోర్డు) తగిలించాక మోటారు కదలకపోయినా, తిక్కతిక్కగా తిరిగినా అప్పుడే కోడ్ జోలికి వెళ్ళకండి. పవర్ ఆపేసి బ్యాటరీ మైనస్, డ్రైవర్ గ్రౌండ్ (GND పిన్ను), ఊనో గ్రౌండ్ మూడూ కలిశాయో లేదో మల్టీమీటర్‌తో చూడండి. చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి.

తర్వాత పవర్ ఇచ్చి మోటారు రెండు కొసల మధ్య వోల్టేజీ కొలవండి. ఈ డ్రైవరే దాదాపు 2 వోల్టులు మింగేస్తుంది. 6 ఇస్తే మోటారుకు అందేది నాలుగే. చిన్న చదరపు 9 వోల్టుల బ్యాటరీ అయితే అసలు పక్కన పెట్టేయండి, మోటారు లాగే కరెంటుకి అది ఆగదు.

స్పీడ్ మారట్లేదంటే డ్రైవర్‌లో స్పీడ్ పిన్ను ఈఎన్ఏ (ENA) మీది జంపర్ (పిన్నుల్ని కలిపే చిన్న క్యాప్) తీశారా? తీసినా అంతేనా? కోడ్‌లో సర్వో లైబ్రరీ (సర్వో మోటార్లను నడిపే రెడీమేడ్ కోడ్) ఉందేమో చూడండి. అది ఉంటే ఊనోలో 9, 10 పిన్నుల మీద పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ స్పీడ్ మార్చే సిగ్నల్) పనిచేయదు. ఈఎన్ఏ నుంచి వచ్చే వైరును ఊనోలో 5కో 6కో మార్చి, కోడ్‌లోనూ ఆ నంబరే పెట్టండి.