ఉప్పు తగ్గిస్తే పడగ్గదిలోనూ తేడా తెలుస్తుంది

అంగం గట్టిపడాలంటే అక్కడి సన్నటి రక్తనాళాలు బాగా వెడల్పవ్వాలి. వాటి వెడల్పు 1–2 మిల్లీమీటర్లే, గుండె నాళాలు 3–4. ఏళ్ళ తరబడి ఉప్పెక్కువ తిని బీపీ పెరిగితే నాళాల లోపలి పొర దెబ్బతిని సడలే గుణం పోతుంది. ఆ తేడా గుండె కన్నా ముందు సన్న నాళాల్లోనే బయటపడొచ్చు. అందుకే 40 దాటాక పటుత్వం తగ్గితే సిగ్గుపడి లేహ్యాల వెంట పడకుండా ముందు బీపీ, షుగరు చూపించుకోండి.

పెద్దవాళ్ళకి రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే టీ చెంచాడు దాటకూడదు. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి, అదీ ఆవకాయలో పోసింది కలిపి! మన కోనసీమ వైపు అసలు దొంగలు ఊరమిరపకాయలు, అప్పడాలు, ఉప్పుచేప. ఎండుచేపల్ని వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఇంకోసారి నానబెట్టండి. వంకాయతో వండేటప్పుడు ఉప్పు వెయ్యకండి, దించేముందు రుచి చూసి చాలకపోతేనే చిటికెడు. పెరుగన్నంలో ఉప్పు మానేస్తే కొన్ని వారాల్లో నాలుక అలవాటుపడుతుంది.

లో సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. రొయ్యల చెరువుల మీద ఎండలో చెమటోడ్చేవాళ్ళు ఉప్పు పూర్తిగా మానకూడదు. కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా పటుత్వం తగ్గుతుంది. సొంతంగా ఆపకండి, డాక్టరుకి చెబితే మందు మారుస్తారు. గుండెకి సార్బిట్రేట్ వాడేవాళ్ళు మాత్రం వయాగ్రా రకం మాత్రలు ముట్టుకోవద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.