కుళాయి నీళ్లు తాగొచ్చా? ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

మున్సిపాలిటీ వాళ్లు శుద్ధి చేయకుండానే నీళ్లు వదిలేస్తున్నారని చాలామంది అనుమానం. చిన్న పట్టణాల్లో తరచూ జరిగేది వేరు. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా నీళ్లు బాగానే వస్తాయి, చెడిపోయేది ఆ తర్వాత, వీధి పైపులోనూ ఇంటి సంపులోనూ. రోజుకో గంటో, రెండు రోజులకోసారో నీళ్లిచ్చే ఊళ్లో మిగతా సమయమంతా పైపులో ఒత్తిడి ఉండదు. అప్పుడు ఎక్కడ చిన్న పగులున్నా చుట్టుపక్కల మురుగు లోపలికి దిగుతుంది. అందుకే వేలు పోసి ఆర్వో మిషను కొనకముందు ఈ కాస్త దూరాన్నీ చూసుకోండి.

1. పైపు వెంట నడవండి

వీధిలోని మెయిన్ లైన్ నుంచి మీ గుమ్మం దాకా కనెక్షన్ పైపు ఎటు నుంచి వస్తోందో చూడండి. చాలా ఇళ్లకు అది మురుగు కాలువలోంచే వస్తుంది. తుప్పు పట్టిన ఇనుప పైపు, జాయింటు దగ్గర చుట్టిన సైకిల్ ట్యూబు, దాని మీదుగా పారే మురుగు కనిపిస్తే ప్రమాదం అక్కడే ఉందని అర్థం. ప్లంబరును పిలిచి పైపు మార్పించండి, కాలువకు పైనుంచి వేయించండి. ఇంతకన్నా ముఖ్యమైన పని ఈ వ్యాసంలో ఇంకోటి లేదు.

2. కుళాయికి నేరుగా మోటారు పెట్టొద్దు

మోటారు వీధి పైపులోని నీళ్లను పీల్చేస్తుంది. ఆ లాగుడుకు పగుళ్లలోంచి కాలువ నీళ్లు కూడా వచ్చేస్తాయి, మీ ఇంటికే కాదు, పక్కింటికీ. నీళ్లు వాటంతటవే సంపులో పడనిచ్చి, సంపు నుంచి పైకి తోడుకోండి.

3. మొదటి నీళ్లు పట్టొద్దు

నీళ్లు వదలగానే వచ్చేది పైపులో నిలవున్న నీరు. కొన్ని నిమిషాలు పోనిచ్చి, అది మొక్కలకో కడుగుళ్లకో వాడండి. తర్వాత ఒక గాజు గ్లాసు నింపి వెలుతురులో చూడండి. పాలలా తెల్లగా ఉండి, అడుగు నుంచి పైకి తేటపడితే అది గాలి, భయం లేదు. ఎర్రగా ఉంటే తుప్పు. మురుగు వాసన వస్తే మాత్రం ఆ నీళ్లు కాచి కూడా తాగొద్దు.

4. క్లోరిన్ చూడండి

బ్లీచింగ్ వాసన వస్తోందని విసుక్కుంటాం గానీ, కొద్దిపాటి వాసన మంచిదే. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. అది మిగిలిందంటే దారిలో కలిసే సూక్ష్మజీవులతో పోరాడే శక్తి నీళ్లకు ఇంకా ఉన్నట్టు.

దీన్ని చూసే చిన్న ఆర్థోటాలిడిన్ (ఓటీ) కిట్లు ఆన్‌లైన్‌లోనూ, ల్యాబ్ సామాన్ల దుకాణాల్లోనూ దొరుకుతాయి. నీళ్లు వస్తుండగానే గొట్టంలో గీత దాకా పట్టి, కిట్ మీద చెప్పినన్ని చుక్కలు వేసి, వెంటనే రంగు పోల్చాలి. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉంది, రంగే మారకపోతే లేదు. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి, మందు సీసా పిల్లలకు అందనివ్వకండి.

ఆ తర్వాత ఇదే పరీక్ష డాబా మీది ట్యాంకు నీళ్లకూ చేయండి. వీధి కుళాయి దగ్గర పసుపు వచ్చి, వంటింట్లో రాకపోతే లోపం మీ సంపులోనో ట్యాంకులోనో ఉంది.

5. సంపు, ట్యాంకు కడగండి

మొత్తం ఖాళీ చేసి, పాచి పోయేలా బ్రష్‌తో రుద్ది కడగండి. మళ్లీ నింపి, 1000 లీటర్లకు దాదాపు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ లెక్కన కలపాలి. పొడి నేరుగా చల్లొద్దు. బకెట్ నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైనీళ్లే పోయండి. కొన్ని గంటలుంచి, కుళాయిలన్నిటిలోంచీ వదిలేసి, మంచినీళ్లతో మళ్లీ కడగండి. యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

6. ఆర్వో అవసరమా?

ఇంటికొచ్చే సేల్స్‌మన్ ఒక గ్లాసులో కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో ఆర్వో నీళ్లు పోసి, రెండింట్లో కరెంటు కడ్డీలు ముంచుతాడు. కుళాయి నీళ్లు గోధుమ రంగు బురదలా మారతాయి. ఆ బురద నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి వచ్చింది. లవణాలుంటే నీళ్లలో కరెంటు పారుతుంది, ఆర్వో నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి పెద్దగా ఏమీ జరగదు. ఇది చూసి భయపడి డబ్బు కట్టకండి.

టీడీఎస్ మీటరు లవణాలనే చెబుతుంది, సూక్ష్మజీవుల సంగతి దానికి తెలియదు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే, ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి కూడా హద్దులో ఉంటే ఆర్వోతో పనిలేదు. బోరు నీళ్లు కలిపి వదిలే ఊళ్లలో, ముఖ్యంగా నల్గొండ, ప్రకాశం ప్రాంతాల్లో, ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరి. హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

7. ల్యాబ్‌కు పంపండి

హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు చేస్తారు. మీ జిల్లాలో ఎక్కడ చేస్తారో మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగంలో అడగండి. సూక్ష్మజీవుల పరీక్షకు సీసా ల్యాబ్ వాళ్లిచ్చిందే వాడాలి, పట్టిన శాంపిల్‌ను ఐస్‌లో పెట్టి అదేరోజు చేర్చాలి. 100 మిల్లీలీటర్లలో మలం కలిసిందని చెప్పే ఈ.కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా ఉండకూడదు.

8. తేడా ఉంటే రాసివ్వండి

నోటిమాటగా చెబితే పని నడవదు. తేదీ, నీళ్లు వచ్చిన సమయం, ఇంటి నంబరు, కిట్‌లో వచ్చిన ఫలితం రాసి, వీధిలోవాళ్ల సంతకాలతో మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆంధ్రలో వార్డు సచివాలయంలోనూ ఇవ్వొచ్చు. క్లోరిన్ పరీక్షల రిజిస్టర్ చూపించమని అడగండి. చూపకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు.

లీకు బాగుచేసి వెళ్లాక పైపులో మట్టి ఉంటుంది. ఆ లైనులో నీళ్లు వదిలి కడిగించమనండి, క్లోరిన్ మళ్లీ చూడండి. పసుపు రంగు వచ్చేదాకా తాగే నీళ్లు తెర్లేలా కాచి, మూతపెట్టి చల్లార్చుకుని తాగండి. వీధిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి విరేచనాలు పట్టుకుంటే ల్యాబ్ రిపోర్టు కోసం ఆగొద్దు. కుళాయి నీళ్లు తాగడం ఆపి, వాళ్లకు ఓఆర్‌ఎస్ పట్టించి, అదే పూట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు చేయండి.