బాణీకి మాట – 4వ పాఠం: సొరచేప కోర

పోయిన పాఠంలో బాణీకి తాళం వేస్తూ అక్షరాలు లెక్కపెట్టాం. లెక్క సరిపోయినా పాట ఎందుకు కుంటుతుందో ఇవాళ చూద్దాం.

మన నమూనా 'డ్రైగ్రోషెనోపర్' అనే జర్మన్ సంగీత నాటకం. బ్రెహ్ట్ మాటలు, కుర్ట్ వైల్ సంగీతం, 1928 ఆగస్టు 31న బెర్లిన్‌లో తొలి ప్రదర్శన. పేరుకు అర్థం మూడు గ్రోషెన్ల (జర్మన్ చిల్లర నాణేలు) ఒపేరా. ఇంగ్లిషులో అది మూడు పెన్నీలైంది. 1978లో పు.ల. దేశ్‌పాండే మరాఠీలో మూడు పైసల తమాషా చేశారు. ఫ్రెంచివాళ్ళు మాత్రం నాలుగు 'సూ'లన్నారు, చవకబారు సరుకుని వాళ్ళు అలాగే అంటారు కాబట్టి. నాణెమే కాదు, అంకె కూడా మారింది! నాకైతే అదే అసలైన అనువాదం.

ఇక అందులోని సొరచేప పాట. మొదటి పాదం పైకి చదవండి: 'ఉండ్ డెర్ హైఫిష్, డెర్ హాట్ ట్సేనె'. సొరచేపకు పళ్ళున్నాయని. ఎనిమిది అక్షరాలు. ఊనిక, అంటే నొక్కి పలకడం, మూడోదాని మీద (హై), ఏడోదాని మీద (ట్సే). జర్మన్‌లో పళ్ళు రెండక్షరాలు, ఇంగ్లిషులో 'టీత్' ఒక్కటే. ఎనిమిదో స్వరం ఖాళీ. దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చిన మార్క్ బ్లిట్జ్‌స్టైన్ ఏం చేశాడు? 'టీత్, డియర్' అన్నాడు. అర్థానికి అక్కర్లేని ఆ 'డియర్' బాణీ అడిగింది. పైగా పాడేవాడి వెటకారం కూడా అందులోకి దిగింది. 1933లో న్యూయార్క్‌లో పన్నెండు ఆటలకే మూతపడిన నాటకం, ఇతని మాటలతో 1954లో మళ్ళీ వచ్చింది. మధ్యలో కొన్నాళ్ళు ఆగినా 1961 దాకా ఆడింది. మాటల వల్లే అనను గానీ, వాటి వాటా చిన్నది కాదు.

ఇప్పుడు మనం. 'సొరచేపకు పళ్ళున్నాయ్'. లెక్కపెట్టండి, ఎనిమిదే. పాడి చూడండి. మూడో అక్షరం 'చే' దీర్ఘం, హాయిగా కూర్చుంది. ఏడో చోట 'ళ్ళు' పడింది, సాగదీస్తే నోరు తిరగదు. మార్చుదాం: 'సొరచేపకుంది కోర'. ఏడోది 'కో'. ఎంతసేపైనా పట్టుకోవచ్చు. సొరచేపకు ఒక్క కోరేనా అని అడక్కండి, బ్లిట్జ్‌స్టైన్‌ని 'డియర్' ఎవరని మనం అడగలేదుగా.

ఇంటిపని: రెండో పాదం. ఆ పళ్ళు మొహంలోనే ఉంటాయని భావం. ఏడక్షరాలు, ఊనిక మళ్ళీ మూడు, ఏడు మీదే. అయితే ఈసారి ఏడోదే ఆఖరిది. మన మాటలు ఎక్కువగా హ్రస్వంతో ముగుస్తాయి కదా, అక్కడ చిక్కుకుంటారు. 'లే', 'రా', 'గా'లు జేబులో పెట్టుకుని కూర్చోండి.