శాంప్లర్‌తో లూపులు - 3వ పాఠం: డప్పు మీద చప్పట్లు

పోయిన పాఠంలో మైకు లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర పెట్టుకున్నాం. దాన్ని కదపకండి.

టెంపో (నిమిషానికి ఎన్ని దెబ్బలన్నది) 90 పెట్టండి. 16 దెబ్బలకు సుమారు 10.67 సెకన్లు పడుతుంది, అదే మన లూపు పొడవు. శాంప్లర్ (రికార్డు చేసిన శబ్దాన్ని మళ్లీ వాయించే సాధనం) ఆగకుండా తిప్పే ముక్కే లూపు. మెట్రోనోమ్ (తాళం తప్పకుండా టిక్కు కొట్టేది) హెడ్‌ఫోన్లలోనే వినండి, స్పీకర్లలో పెడితే ఆ టిక్కు టిక్కు మైకులోకీ ఎక్కుతుంది. బ్లూటూత్‌వి మాత్రం వద్దు. వాటిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది, మీరెంత సరిగ్గా వాయించినా తాళం వెనకబడుతుంది.

డప్పును మంట దగ్గర కాచాకే రికార్డు మొదలుపెట్టండి. చల్లారేకొద్దీ చర్మం వదులై శ్రుతి దిగుతుంది. పొద్దున ఒక పొర, సాయంత్రం ఒక పొర వాయిస్తే రెండూ కలవవు. వానాకాలమైతే ఇంకా తొందరపడాలి.

ఇక అసలు సంగతి. చాలామంది ఒక్క చుట్టు (పదహారు దెబ్బలు) వాయించి కత్తిరించేస్తారు. వాయించాల్సింది వరసగా మూడు చుట్లు, ఉంచుకోవాల్సింది నడిమిది. సిర్రతో (కుడిచేతి లావు పుల్లతో) కొట్టిన ఆఖరి దెబ్బ మోత పదహారుతో ఆగదు, తర్వాతి చుట్టులోకి పారుతుంది. మొదటి చుట్టుకు ముందు ఏమీ ఉండదు కాబట్టి దాన్ని లూపు చేస్తే తిరిగిన ప్రతిసారీ మోత తెగుతుంది. నడిమి చుట్టు మొదట్లో ఆ తోక ముందే ఉంటుంది, అతుకు తెలియదు. వేవ్‌ఫామ్‌ను (తెర మీద శబ్దాన్ని చూపే గీతను) బాగా పెద్దది చేసి, మొదటి దెబ్బకు వెంట్రుకవాసి ముందు, గీత సున్నాను దాటే చోట కోయండి. అయినా టప్‌మంటే చివరి కొసకు 5 మిల్లీసెకన్ల ఫేడ్ (శబ్దాన్ని మెల్లగా తగ్గించడం) చాలు. మొదటి కొసకు వేస్తే దెబ్బ పదును పోతుంది. సిటికెన పుల్ల (ఎడమచేతి సన్న పుల్ల) దెబ్బలను క్వాంటైజ్ చేయాలన్న, అంటే తాళం గడుల్లోకి అచ్చంగా జరపాలన్న, ఆశ వద్దు, ఆ చిన్న వంకరే డప్పు నడక.

చప్పట్లకు వద్దాం. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడేటప్పుడు వినండి: ఏ ఇద్దరి చప్పట్లూ అచ్చంగా ఒకే క్షణాన పడవు. ఆ తేడా వల్లే గుంపు వినిపిస్తుంది. ఒకే చప్పట్ల ట్రాకుకు కాపీ పెడితే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంతే. మనుషులు పెరగరు. అమ్మనో, అక్కనో, పక్కింటివాళ్లనో పిలిచి ఒక్కొక్కరితో విడిగా కొట్టించండి. ఎవరూ దొరక్కపోతే మైకుకు దగ్గరా దూరం మారుతూ మీరే నాలుగు ట్రాకులు కొట్టండి. వాటిని ఎడమకూ కుడికీ పంచి, హై-పాస్ ఫిల్టర్‌తో 200 హెర్ట్జ్ కింది శబ్దం తీసేయండి. ఆ జాగా డప్పుది.

అన్నీ విడివిడి ట్రాకులుగానే సేవ్ చేయండి. ఒక్కటిగా కలిపేస్తే, వచ్చే పాఠంలో ఒగ్గు డోలు ఎక్కించేటప్పుడు డప్పును మాత్రమే తగ్గించడం కుదరదు.