ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనేయాలా, కొత్త మోడల్ వచ్చేదాకా ఆగాలా

ఇవాళ కొంటే వచ్చే నెల కొత్తది దిగుతుందేమో, ఆగితే ఈలోపు ఉన్నది చస్తుందేమో, ఈ రెంటి మధ్య ఊగుతూ నేను ఒకసారి ఎనిమిది నెలలు గడిపేశా. హింజ్ విరిగిన ల్యాప్‌టాప్‌కి వెనకాల లావుపాటి పుస్తకాలు ఆనించి పని చేస్కోవడం, రాత్రయ్యేసరికి రాబోయే మోడళ్ళ గురించి లీకుల వీడియోలు చూడటం, ఇదే పని. తీరా కొత్త మోడల్ వచ్చాక చూస్తే నాకు పనికొచ్చే మార్పు అందులో ఒక్కటీ లేదు, చివరికి ఆ పాత మోడలే తగ్గింపులో కొనుక్కున్నా. తగ్గింపు బానే ఉంది గానీ ఆ ఎనిమిది నెలల్లో ఉన్నట్టుండి ఆగిపోయిన స్క్రీనూ, పోయిన ఫైళ్ళూ, మళ్ళీ మొదట్నుంచి చేసిన పనీ లెక్కేస్తే అది ఏ మూలకీ రాలేదు. అప్పట్నుంచి ఎవరు సలహా అడిగినా కొన్ని ప్రశ్నలు వరసగా అడుగుతున్నా, అవే ఇక్కడ రాస్తున్నా.

ముందు మీ చేతిలో ఉన్నదాని సంగతి చూడండి. అది పూర్తిగా పోయి, రేపు పని ఆగిపోయే పరిస్థితైతే ఇంక చదవక్కర్లేదు, ఉన్నవాటిలో మంచిది చూసి కొనేయండి. పోకుండా జస్ట్ స్లో అయిందంటే మాత్రం ఎక్కడ స్లో అవుతుందో పట్టుకోండి, ఎందుకంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతాం చాలాసార్లు. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే ఎస్‌ఎస్‌డి (హార్డ్ డిస్క్ బదులు వాడే ఫాస్ట్ స్టోరేజ్) వేయించండి, మీరే నమ్మలేనంత తేడా వస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ ఎప్పుడూ నిండిపోయే ఉందా చూడండి, నిండి ఉండి, స్లాట్ కూడా ఉంటే ర్యామ్ పెంచుకోవచ్చు. చార్జింగ్ నిలబడట్లేదంటే విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు కనపడతాయి, రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయిందంటే మార్చాల్సింది బ్యాటరీని. ఇక్కడే ఇంకో సంగతి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే సుమారుగా 8వ జనరేషన్ నుంచే. మీది అంతకంటే పాతదైతే రిపేర్ల మీద ఎక్కువ పెట్టకండి.

సరే, కొనాల్సిందే అని తేలిందనుకుందాం. ఇప్పుడు మీ కంటికి ఆనిన మోడల్ బయటికొచ్చి ఎన్నాళ్ళైందో చూడండి. యాపిల్ వాళ్ళది కాస్త పద్ధతిగా ఉంటుంది, మ్యాక్‌బుక్ ప్రోని వాళ్ళ సొంత చిప్ ఎం3తో 2023 అక్టోబర్‌లో, ఎం4తో 2024 అక్టోబర్‌లో, ఎం5తో 2025 అక్టోబర్‌లో ప్రకటించారు, ఎయిర్ అయితే ఎం3, ఎం4 రెండూ మార్చిలోనే. అలాగని గుడ్డిగా నమ్మకండి, 2023 జనవరిలో ఎం2 ప్రో చిప్‌తో మ్యాక్‌బుక్ కొన్నవాళ్ళు ఏడాదైనా టైముందిలే అనుకుంటే తొమ్మిది నెలలకే ఎం3 ప్రో వచ్చి కూర్చుంది. విండోస్ వైపు సందడంతా జనవరిలో లాస్ వేగస్‌లో జరిగే సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలోనూ, ఆ తర్వాత మే చివర్లోనో జూన్‌లోనో తైపేలో జరిగే కంప్యూటర్ల ప్రదర్శన కంప్యూటెక్స్‌లోనూ ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లకైతే ఎన్విడియా దాదాపు రెండేళ్ళకోసారి కొత్త జీపీయూలు, అంటే గ్రాఫిక్స్ చిప్‌లు, ప్రకటిస్తుంది, 30 సిరీస్ 2021 జనవరి, 40 సిరీస్ 2023 జనవరి, 50 సిరీస్ 2025 జనవరి.

ఇక్కడ చాలామంది బోల్తా పడేది ప్రకటించిన రోజుకీ మన చేతికొచ్చే రోజుకీ మధ్య. 50 సిరీస్ ల్యాప్‌టాప్‌లు జనవరి మొదట్లో స్టేజీ మీద చూపించారు, అమ్మకాలకి వచ్చేసరికి మార్చి చివర. పైగా మొదట వచ్చేవన్నీ ఖరీదైన మోడళ్ళు, మనలాంటోళ్ళం కొనే మధ్యరకం ఇంకా ఆలస్యం. కాబట్టి జనవరిదాకా ఆగుతా అనుకుంటే మనసులో దానికి ఇంకో మూడు నాలుగు నెలలు కలుపుకోండి. నా మటుకు నాకైతే కొత్తది రెండు నెలల్లోపు చేతికొస్తుందని గట్టిగా తెలిస్తేనే ఆగుతా, ఆర్నెల్లు అంటే మాత్రం అది ఆగడం కాదు, వాయిదా.

గట్టిగా తెలియడం అంటే కంపెనీ నోటితో చెప్పడం, లీకులు కాదు. లీకుల సంగతి అదిగో పులి అంటే ఇదిగో తోక టైపు, ఒకడు ఏదో పార్ట్ నంబర్ చూశానంటాడు, పదిమంది దానిమీద వీడియోలు తీస్తారు. కంపెనీలు ముందే ఎందుకు చెప్పవంటే, చెప్తే ఇప్పుడున్నది ఎవరూ కొనరు కాబట్టి. 1983లో ఆస్బోర్న్ కంప్యూటర్ అనే కంపెనీ రాబోయే మోడల్ గురించి ముందే చెప్పేసుకుంటే జనం ఉన్నది కొనడం ఆపేశారని, అదే ఏడాది దివాలా తీసిందని చెప్తారు, దివాలాకి అదొక్కటే కారణం కాదని వాదించేవాళ్ళూ ఉన్నారు గానీ ఆస్బోర్న్ ఎఫెక్ట్ అనే పేరు మాత్రం అలా ఉండిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఆ వచ్చేదాంట్లో మీ పనికి తగిలే మార్పు ఏంటి? పేరు పెట్టి ఒక్కటి చెప్పగలగాలి. ఇంకా ఫాస్ట్‌గా ఉంటుందంట అనేది జవాబు కాదు. ఉదాహరణకి మీ టేబుల్ మీద రెండు మానిటర్లు ఉన్నాయనుకోండి, ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లకి బయటి మానిటర్ ఒక్కటే నేరుగా పెట్టుకోగలం, ఎం3లో మూత మూస్తే రెండు, ఎం4లో మూత తెరిచే ఉంచి రెండు. అలాంటి వాళ్ళకి ఆగడం నిజంగా వర్త్. అదే రోజంతా బ్రౌజరూ డాక్యుమెంట్లూ చూసుకునే మనిషికి ఎం2కీ ఎం4కీ తేడా చెప్పమంటే కష్టమే. అలాగే 2024 అక్టోబర్‌లో యాపిల్ ఎయిర్ బేస్ మోడల్ ర్యామ్‌ని 8 జీబీ నుంచి 16 జీబీకి అదే ధరకి పెంచింది, అంతకు ముందు వారం 8 జీబీది కొన్నవాళ్ళ బాధ నేను అర్థం చేస్కోగలను.

కొత్తది ప్రతిసారీ అన్నిట్లో మెరుగ్గా ఉంటుందనీ లేదు. 2022లో వచ్చిన ఎం2 ఎయిర్ 256 జీబీ మోడల్‌లో రెండు స్టోరేజ్ చిప్‌ల బదులు ఒకటే పెట్టారు, దాంతో ఎస్‌ఎస్‌డి స్పీడ్ అంతకుముందు ఎం1 కంటే తగ్గింది. ఇంక పేర్ల గారడీ వేరే. ఏఎమ్‌డీ ప్రాసెసర్ రైజెన్ 5 7520యు అని చూసి 7000 సిరీస్ కదా లేటెస్ట్ అనుకుంటాం, లోపల ఉన్నది జెన్ 2 అనే 2019 నాటి డిజైన్. 7840యులో ఉన్నది దానికంటే కొత్తదైన జెన్ 4, సిరీస్ ఒకటే, లోపల సరుకు వేరు. ఇంటెల్ కోర్ 7 150యు 2024లో వచ్చింది, పేరు కొత్త, లోపల ఉన్నది ర్యాప్టర్ లేక్ అనే పాత డిజైనే. గేమింగ్‌లో ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ జీపీయూకి 8 జీబీ మెమరీ, 5060కీ 8 జీబీయే. మెమరీ సరిపోక ఇబ్బంది పడేవాళ్ళకి ఆ అప్‌గ్రేడ్‌తో ఏం తీరుతుంది చెప్పండి. పైగా ఒకే 4060ని ఒక ల్యాప్‌టాప్ కంపెనీ 60 వాట్ల పవర్‌కి కట్టేస్తే ఇంకోటి 115 దాకా వదులుతుంది, జనరేషన్ మారడం కంటే ఈ వాట్లే ఎక్కువ తేడా చూపిస్తాయి కొన్నిసార్లు, రివ్యూల్లో అది వెతకండి.

ఏఐ స్టిక్కర్ల గురించి కూడా అడుగుతారు. కోపైలట్ ప్లస్ అని పిలవాలంటే ఎన్‌పీయూకి (ఏఐ పనులు చేసే చిప్ భాగం) కనీసం 40 టాప్స్ (సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు) వేగం ఉండాలని మైక్రోసాఫ్ట్ 2024లో పెట్టింది. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఫలానా ఫీచర్‌కి అది కావాలని ఉంటే సరే, లేకపోతే దానికోసం ఆగక్కర్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ వస్తుందని ఆగేవాళ్ళని చూస్తే మాత్రం నవ్వొస్తుంది, అది ఇప్పుడు కొనేదానికి కూడా వస్తుంది కదా.

ఆగితే ధర తగ్గుతుందనే ధైర్యం మీద కూడా ఒక మాట. కొత్తది దిగగానే పాతది తగ్గడం మామూలే, నేను చెప్పే బెస్ట్ ప్లాన్ కూడా అదే, కొత్తదాని కోసం కాకుండా కొత్తది వచ్చాక పాతదాని కోసం ఆగడం. కాకపోతే మంచి కాన్ఫిగరేషన్లు ముందు ఖాళీ అయిపోతాయి, మిగిలేది తక్కువ ర్యామ్‌వీ, ఎవరికీ అక్కర్లేని రంగువీ. ఇంకోటి, ధరలు ఎప్పుడూ కిందకే పోవు. 2011లో థాయ్‌లాండ్ వరదలకి హార్డ్ డిస్కుల ధరలు ఎగిరాయి, 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అలాంటి టైంలో ఆగితే ఇదే ర్యామ్‌తో ఉన్నది ఎక్కువ పెట్టి కొనాల్సొస్తుంది. చాలా సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, ఇంటెల్ లూనార్ లేక్ అనే ప్రాసెసర్లలో అయితే ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. అందుకే నెక్స్ట్ జనరేషన్ చిప్ కోసం ఆగే డబ్బూ ఓపికా ఉంటే వాటిని ఇప్పటి జనరేషన్‌లో ఎక్కువ ర్యామ్ మీద పెట్టమంటా.

ఇవన్నీ చూశాక ఆగుదామనే తేలితే ఒక కాగితం మీద రెండు ముక్కలు రాయండి, దేనికోసం ఆగుతున్నా, ఏ తేదీదాకా. ఆ తేదీ వచ్చేసరికి అది అమ్మకానికి రాకపోతే ఆ రోజు ఉన్నదాంట్లోంచి కొనేయాలి, పొడిగింపు లేదు. కొనేద్దామని తేలితే మాత్రం రిటర్న్ గడువు ఎన్ని రోజులో, పెట్టె తెరిస్తే తీసుకుంటారో లేదో ముందే కనుక్కుని కొనండి, ఆ గడువులోపు కొత్తది ప్రకటిస్తే వెనక్కిచ్చేయొచ్చు. ఆ రోజులన్నీ దాన్ని గట్టిగా వాడి కీబోర్డు, ఫ్యాను మోత, స్క్రీన్ మీద చుక్కలు అన్నీ చూస్కోండి. గడువు దాటిన రోజు ఆ లీకుల ఛానెళ్ళన్నిటినీ అన్‌సబ్‌స్క్రైబ్ చేసేయండి, నేను చెయ్యకుండా ఇంకో మూడు నెలలు చూసి ఊరికే కుళ్ళుకున్నా.