ఈస్టర్ సెలవుల్లో అమ్మానాన్నని న్యూరెంబర్గ్ తీసుకెళ్ళాలంటే

మన విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు జర్మనీలో మ్యూనిక్ చుట్టుపక్కల బోల్డంతమంది ఉన్నారు కదా, ఈస్టర్ టైముకి అమ్మానాన్న వస్తన్నారు, రెండ్రోజులు ఎక్కడికి తీసుకెళ్ళాలి అనడిగితే నేను న్యూరెంబర్గే చెప్తాను. ముఖ్యమైనవి చాలామట్టుకు పాత ఊరి గోడ లోపలే ఉంటాయి, స్టేషన్ దాటగానే ఆ గోడ కనిపించేస్తాది, పెద్దవాళ్ళని ట్రాములూ బస్సులూ మార్పించి తిప్పక్కర్లేదు.

ముందు సెలవుల సంగతి. గుడ్ ఫ్రైడే, ఆదివారం, ఈస్టర్ సోమవారం షాపులు బంద్, మధ్యలో శనివారం ఒక్కటే తీస్తారు. కాబట్టి గురువారం సాయంత్రమే పాలు, పెరుగు, కూరలు ఇంట్లో పెట్టీసుకోండి, ఊరికి మాత్రం శనివారం పొద్దున్నే బయల్దేరండి. ఆదివారం మరీ అవసరం పడితే పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని షాపులు ఉంటాయి.

టికెట్‌కి బయర్న్ టికెట్ (మన బవేరియా రాష్ట్రమంతా ఒక రోజు తిరిగే టికెట్) తీసుకోండి, అయిదుగురి దాకా ఒకే టికెట్ మీద వెళ్ళిపోవచ్చు, మామూలు రోజుల్లో పొద్దున్న 9 తర్వాతే గానీ శని ఆదివారాల్లో, సెలవుల్లో ఆ రూలు లేదు. టికెట్ మీద అందరి పేర్లూ ఉండాలి, ఐసీఈ అనే స్పీడు రైళ్ళు ఎక్కకూడదు, రీజనల్ ట్రైన్లే. మ్యూనిక్ నుంచి దగ్గర దగ్గర రెండు గంటలు. మీకు డాయిష్‌లాండ్ టికెట్ (దేశమంతా రీజనల్ ట్రైన్లకి పనికొచ్చే నెలవారీ పాస్) ఉంటే మీ పేరు కలపక్కర్లేదు, అమ్మానాన్నకి తీస్తే చాలు. బయర్న్ టికెట్ ఒక్కరోజుదే, రాత్రి ఉండిపోతే తిరుగు ప్రయాణానికి ఇంకోటి కొనాలి.

పులిహోర చేసి డబ్బాలో పెట్టుకోండి, మీరు శాకాహారులైతే ఇంకా తప్పదు, ఎందుకంటే ఈ ఊళ్ళో ఎక్కడ చూసినా వేలెడంత పంది సాసేజ్‌లే. నీళ్ళ బాటిల్ కొనేటప్పుడు గ్యాస్ లేనిదే అడగండి, గ్యాస్ నీళ్ళు నాన్నల గొంతు దిగవు.

మధ్యాహ్నం 12కి పది నిమిషాల ముందే హౌప్ట్‌మార్క్ట్‌లో ఉండండి, ఇది మన గంటస్తంభం సెంటర్ లాంటిది, ఊరంతా అక్కడికే చేరుతుంది. ఫ్రావెన్‌కిర్షె అనే చర్చి మీద గడియారం కింద నాలుగో చార్లెస్ చక్రవర్తి బొమ్మ కూర్చునుంటాది, గంట కొట్టాక ఏడుగురు ఎలెక్టర్ల బొమ్మలు బయటికొచ్చి ఆయన చుట్టూ మూడుసార్లు తిరుగుతాయి. చక్రవర్తిని ఎన్నుకునేది ఈ ఏడుగురే అని 1356లో రాసిన గోల్డెన్ బుల్ శాసనానికి గుర్తు అది. ఆ కథ ముందే చెప్పి చూపించండి, లేకపోతే బొమ్మలు తిరిగినంత సేపూ ఏటిది అని అడుగుతూనే ఉంటారు. పక్కనే షోనర్ బ్రున్నెన్ అని గోపురంలా లేచిన ఫౌంటెన్, దాని ఇనప కటకటాల్లో ఇత్తడి రంగు రింగు ఒకటి ఉంటాది, మూడుసార్లు తిప్పి కోరుకుంటే జరుగుతుందంటారు. అమ్మలకి ఇది నచ్చి తీరుతుంది, క్యూ ఉన్నా తిప్పనివ్వండి.

తర్వాత కోట. ఎత్తు బాగానే ఉంటాది, దారంతా గుండ్రాళ్ళు, చీర కింద చెప్పులతో ఎక్కలేరు. షూ ఇక్కడ కొందాంలే అనుకోకండి, ఊళ్ళో ఉండగానే కొనిపించి పెద్ద చెరువు గట్టు మీదో నాగావళి ఒడ్డునో కొన్నాళ్ళు నడవమనండి, కాలికి అలవాటు పడతాయి. పైన బావి మాత్రం వదలద్దు, సుమారు 50 మీటర్ల లోతు, రాతిలో తవ్వింది. గైడ్ దీపాలు కిందికి దింపుతారు, వెలుగు చిన్నదవుతూ చుక్కైపోతాది, పైనుంచి నీళ్ళు పోస్తే అడుగున చప్పుడు వినపడ్డానికి ఎంత సేపు పడుతుందో అందరూ ఊపిరి బిగబట్టి వింటారు. చిన్నప్పుడు బావిలో నీళ్ళు తోడిన మనిషి అక్కణ్ణుంచి తొందరగా కదలరు, టైం ఇవ్వండి.

ఈ ఊళ్ళో 1945 జనవరి 2న బాంబు దాడిలో పాత భాగం దాదాపు మొత్తం కూలిపోయింది, ఇప్పుడు చూసేది చాలావరకు తిరిగి కట్టుకున్నదే, కోట మీంచి ఎర్ర పెంకుల ఇళ్ళు చూసేటప్పుడు ఆ సంగతి చెప్పండి.

ఆదివారం నాన్న కోసం రైల్వే మ్యూజియం పెట్టుకోండి, జర్మనీలో మొదటి ఆవిరి రైలు 1835లో ఇక్కణ్ణుంచే పక్క ఊరు ఫ్యూర్త్‌కి నడిచింది, ఆ ఇంజన్ నమూనా చూడొచ్చు. పండగ టైమింగ్స్ వేరేగా ఉంటాయి, ముందు రోజే నెట్‌లో చూసుకోండి. సోమవారం సాయంత్రం రైళ్ళు కిక్కిరిసిపోతాయి, ఆదివారమే వచ్చీసేయండి, అందరికీ సీట్లు దొరుకుతాయి.